పటం కట్టిన దావా

ఆ రోజు పొద్దున పటాల మేస్త్రి పెట్టుకున్న పని చాలా చిన్నది. షాపు ముందున్న అద్దాల అరలో కొన్నేళ్ళుగా ఒక జలపాతం బొమ్మ వేలాడుతోంది. ఎండకి అందులో నీళ్ళు ముందు పసుపుపచ్చగా, తర్వాత టీ రంగులోకి మారాయి. దాన్ని దించేసి, తన పనితనం నలుగురికీ తెలిసేలా మంచి పటం ఒకటి అక్కడ పెట్టాలి. మధ్యాహ్నంలోపు అయిపోవలసిన పని.

మేస్త్రికి ఈ వృత్తి తండ్రి నుంచి వచ్చింది. దానితోపాటు ఒక నియమం కూడా వచ్చింది. పటం కట్టేవాడు కాగితం చదవకూడదు. జనం ఏవేవో తెస్తారు. పాసైన సర్టిఫికెట్లు, పోయినవాళ్ళ ఉత్తరాలు, పిల్లలు మొదటిసారి గీసిన గీతలు. అవి వాళ్ళ సొంత సంగతులు. పైగా కళ్ళు అక్షరాల మీదికి పోతే చెయ్యి గీత తప్పుతుందని, మూల దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా అది అబద్ధంతో సమానమని తండ్రి అనేవాడు. అందుకని మేస్త్రి ఏ కాగితంలోనైనా నాలుగు అంచులే చూసేవాడు. మధ్యలో ఉన్నదంతా అతనికి కొంత నలుపు, కొంత తెలుపు, అదృష్టం బాగుంటే ఎక్కడో కాస్త ఎరుపు.

అలవాటు చేతికి వచ్చాక చేతి దగ్గరే ఆగదు. మేస్త్రి మనుషులకు కూడా అంచులే చూడసాగాడు. భార్య ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే ఆమె వెనకాల ఉన్న కిటికీ చట్రం చూసేవాడు. ఆమె మందుల షాపులో పనిచేసేది. ఎంత పెద్ద డాక్టరు ఎంత కోడిగీతలు గీసినా ఒక్క చూపులో చదివేది. అలాంటి మనిషి, తనను చదివేవాళ్ళు లేని ఇంట్లో ఎనిమిదేళ్ళు కాపురం చేసింది.

మూడు నెలల క్రితం ఆమె ఒక పెట్టె సర్దుకుని అదే ఊళ్ళో ఉన్న అక్క ఇంటికి వెళ్ళిపోయింది. ఇద్దరి సంపాదనా పడే బిస్కెట్ల డబ్బా వంటింటి అరలోనే ఉంది. అందులోంచి ఆమె ఏమీ తీసుకోలేదు. గుమ్మంలో ఆగి, "ఈ ఇంట్లో నా మాట ఎవరికీ వినపడదు" అని మాత్రం అంది. మేస్త్రి దాని గురించి రెండు రోజులు గట్టిగా ఆలోచించాడు. రంపం చప్పుడు ఎక్కువైందని తేల్చుకుని, సన్నపళ్ళ రంపం ఒకటి కొన్నాడు. ఆమె తిరిగొస్తే చూపించాలని దాన్ని గుడ్డలో చుట్టి పెట్టాడు.

ఆమె తిరిగి రాలేదు. ప్లీడరు దగ్గరికి వెళ్ళింది.

"నాకు విడాకుల మీద మోజేం లేదక్కా" అంది అక్కడికి వెళ్ళొచ్చిన సాయంత్రం. "కోర్టు కాగితమైతేనైనా ఆయన కూర్చుని చదువుతారు. గడువు పెట్టి అడిగితేనైనా జవాబు చెప్తారు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఇంక నేను అడగాల్సింది కూడా ఏం లేదు."

ప్లీడరు అప్పటికే అన్నీ విడమరిచి చెప్పాడు. కాగితాలు అందిన ముప్పై రోజుల్లో భర్త రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆమె అడిగినట్టే తీర్పు వచ్చేస్తుంది, కోర్టు ఖర్చులు కూడా అతని నెత్తినే పడతాయి. ఖర్చుల మాట చెప్పేటప్పుడు ప్లీడరు మొహం వెలిగింది. ఆమె మొహం వెలగలేదు. ఆమెకు కావలసింది జవాబు.

మేస్త్రి స్టూలెక్కి జలపాతాన్ని దించుతున్న సమయానికి కోర్టు బంట్రోతు లావుపాటి కవరుతో వచ్చాడు. వాళ్ళిద్దరికీ ముందే పరిచయం. కోర్టు హాల్లో పాత జడ్జీల ఫొటోలన్నిటికీ కిందటేడు పటాలు కట్టింది మేస్త్రే. అప్పుడు ఫొటోలు తెచ్చిందీ ఈ బంట్రోతే, ఇలాంటి కవర్లలోనే.

"ఇది మీకే మేస్త్రీ. ఇక్కడ సంతకం పెట్టండి."

మేస్త్రి స్టూలు దిగి సంతకం పెట్టాడు. "ఎప్పటికివ్వాలి?" అన్నాడు.

బంట్రోతు అతని వంక వింతగా చూశాడు. ఇలాంటి కవరు అందుకున్నవాళ్ళు తిట్టడం చూశాడు, ఏడవడం చూశాడు, వెనక తలుపులోంచి పారిపోవడం కూడా చూశాడు. ఇంత మర్యాదగా గడువు అడిగినవాణ్ణి చూడలేదు.

"ముప్పై రోజుల్లోపు."

"అంత ఎందుకు? నాలుగు రోజుల్లో అయిపోతుంది."

"తొందరపడకండి. ఇలాంటివి నిదానంగా చెయ్యాలి."

"సరే. మరి ఖర్చెవరిస్తారు?"

"అది చివర్లో కోర్టు తేలుస్తుంది."

మేస్త్రి తలూపాడు. జడ్జీల ఫొటోల బిల్లు కూడా చివర్లోనే తేల్చారు. మరీ చివర్లో తేల్చారు.

బంట్రోతు వెళ్ళబోతూ ఆగి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ధైర్యంగా ఉండండి మేస్త్రీ."

"ఇంతకంటే పెద్దవి చేశాను" అన్నాడు మేస్త్రి.

కవరులో మంచి కాగితాలున్నాయి. మందంగా, ఒకే కొలతలో, అంచులు నలగకుండా. మొదటిదాని మీద గుండ్రటి ఎర్ర ముద్ర, దాని కింద ఊదారంగు సంతకం. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. అతను నాలుగు రోజులు ఇంకో పని ముట్టుకోలేదు. దాచిపెట్టుకున్న టేకు పలక తీశాడు. ముద్ర ఉన్న కాగితాన్ని మధ్యలో పెట్టి, మిగిలినవాటిని రెండు పక్కలా వరుసగా సర్ది, ఒక్కో కాగితం చుట్టూ పాలమీగడ రంగు అట్ట కోశాడు. మూలలు కలిపాక గోరు పెట్టి రాసి చూశాడు. గోరు ఎక్కడా ఆగలేదు. గాజు బిగించాక రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళలో ఇంత మంచి పటం కట్టలేదు. కోర్టువాళ్ళు ఎలాగూ నెల దాకా రారు. అంతవరకూ దీన్ని మూల పెట్టడం దేనికి?

జలపాతం ఉన్న మేకుకే తగిలించాడు. అలా అతని భార్య వేసిన విడాకుల దావా, ముద్రతో సహా, పేరా వారీగా, వీధికి ఎదురుగా నిలబడింది. పైన చిన్న దీపం కూడా పెట్టాడు.

మొదట చూసింది పక్క షాపు తాళాలాయన. ఇంటికి వెళ్తూ ఆగి, చివరి పేరా దాకా చదివి, టోపీ తీసి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు.

"చూశాను మేస్త్రీ."

"ఎలా ఉంది?"

తాళాలాయన టోపీని చేతుల్లో తిప్పాడు. "ఏం చెప్పమంటావు. ఇలా బయట పెట్టడానికి గుండె కావాలి."

"దాచుకుంటే ఎవరికి తెలుస్తుంది? మనం చేసింది నలుగురూ చూడాలి."

"అయితే తప్పుందని ఒప్పుకుంటావా?"

మేస్త్రికి కొంచెం కోపం వచ్చింది. "తప్పెక్కడుందో చూపించు. దీపం తీసుకుని మరీ చూడు."

తాళాలాయన చాలాసేపు అతన్ని చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాటికి వీధంతా తెలిసింది. 'విడాకులు' అన్న మాట మొగుణ్ణి పట్టుకుని మొహం మీద అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అందరూ 'ఆ సంగతి' అన్నారు. కొందరు 'ఆ కాగితాలు' అన్నారు. గాజు ముందు ఎప్పుడు చూసినా ముగ్గురో నలుగురో మెడలు సాచి నిలబడి ఉండేవారు. కొందరు కళ్ళు తుడుచుకునేవారు. మేస్త్రి ఉలి నూరుకుంటూ లోపలినుంచి వాళ్ళ వీపుల వెనక వెలుతురు చూసేవాడు. జనానికి ఇంకా మంచి పని విలువ తెలుస్తుందని అతనికి తృప్తిగా ఉండేది.

వాళ్ళు ఏడ్చేది ఏడో పేరా దగ్గర. ఆమె అందులో ఇలా రాయించింది: "మా నాన్న పోయి, పదకొండు రోజుల తర్వాత నేను ఇంటికి తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి ఏడుస్తుండగా, నా భర్త నన్ను చూడలేదు. గుమ్మం చూశాడు. ఒక పక్కకి ఒరిగింది అన్నాడు."

ఆ పేరా వీధిలో నిప్పు రాజేసింది. ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడి, "నాకూ ఉంది ఒక ఏడో పేరా" అనడం మొదలుపెట్టారు. తాళాలాయన భార్యకయితే ఏడు నుంచి పన్నెండు దాకా ఉన్నాయట. మగవాళ్ళు మేస్త్రి షాపు ముందు నుంచి పోవడం మానేసి చుట్టుతిరిగి వెళ్ళసాగారు. రిటైరైన లెక్కల టీచరమ్మ మాత్రం తన పాత పెట్టెలోంచి ఒక కోర్టు కాగితం వెతికి తెచ్చింది.

"ఇది నాది. పాతికేళ్ళ క్రితం వచ్చింది. నాకూ అలాగే కట్టివ్వు."

"తప్పకుండా టీచరమ్మా. ఎక్కడ పెట్టుకుంటారు?"

"ముందు గదిలో. వచ్చినవాళ్ళు మొదట అదే చూడాలి."

మేస్త్రి కాగితం అంచులు చూసి మెచ్చుకున్నాడు. "మీరు భద్రంగా ఉంచారు."

"అదొక్కటే కదయ్యా నాకు ఆయనిచ్చింది" అంది టీచరమ్మ.

కబురు మందుల షాపుకు కూడా చేరింది. దగ్గుమందు కోసం వచ్చినావిడ సీసా అందుకుంటూ, "మీ ఆయన అన్నీ గోడకెక్కించాడమ్మా" అంది. మేస్త్రి భార్య చేతిలోని చిల్లర గల్లాపెట్టె మీద చెదిరిపోయింది. చదవమని పంపింది. వేలాడదీయమని కాదు. తన ఏడుపు మీద దీపం పెట్టి ఊరికి చూపిస్తున్నాడంటే ఇంక ఏమనుకోవాలో ఆమెకు తెలియలేదు. ఆ పూట ఒకే మాత్రను రెండుసార్లు లెక్కపెట్టింది.

అక్క ఊరుకోలేదు. మర్నాడే గొడుగు పట్టుకుని షాపుకు వచ్చింది. ఎండా లేదు, వానా లేదు.

"మరిదిగారూ, ఆ కాగితాలు దించండి."

"రండి వదినా, కూర్చోండి. దించడం ఎందుకు? అందరికీ నచ్చింది."

"నచ్చిందా?" వదిన గొడుగు కర్ర నేలకేసి కొట్టింది. "మా చెల్లి పరువేమైపోవాలి?"

మేస్త్రి ఆలోచించాడు. తన పనికి పేరొస్తే భార్య పరువు ఎలా పోతుందో అతనికి అందలేదు. వదినకి ఒంట్లో బాగుండలేదేమో అనుకున్నాడు. "గడువింకా ఉంది వదినా. కోర్టువాళ్ళే వచ్చి తీసుకెళ్తారు. అందాకా నేను చెయ్యి పెట్టను" అన్నాడు శాంతంగా.

వదిన ఇంటికి వెళ్ళి చెల్లితో ఉన్నదున్నట్టే చెప్పింది. "కోర్టు వచ్చి దింపితే తప్ప దించడట. చెయ్యి కూడా పెట్టడట. నవ్వుతూ చెప్పాడే."

ప్లీడరు ఆ మాటలు విని చేతులు రుద్దుకున్నాడు. పరువునష్టం, మనోవేదన, అదనపు ఖర్చులు అన్నీ కలిపి ఇంకో నోటీసు దట్టించాడు. దాన్నీ బంట్రోతే తెచ్చాడు. అద్దాల అరలో వెలుగుతున్న దాన్ని చూసి అతని నోరు తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అతను నేర్చుకున్నది కాగితం ఇచ్చి సంతకం తీసుకోవడమే, సలహా ఇవ్వడం కాదు. నోటీసు ఇచ్చి, సంతకం తీసుకుని, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

మేస్త్రి నోటీసును కూడా టేకులోనే కట్టాడు. జంటగా ఉంటే అందం వస్తుందని మొదటిదాని పక్కన తగిలించాడు.

గడువుకు ఇంకా రెండు రోజులున్నాయనగా ఆమె స్వయంగా వచ్చింది. మధ్యాహ్నం, వీధి ఖాళీగా ఉన్న వేళ. గాజు ముందు నిలబడి తన పేరాలను తానే మొదటినుంచి చదువుకుంది. చదువుతూ, అనుకోకుండా అట్ట కోత చూసింది. ఏ అక్షరమూ అంచు కింద నలగలేదు. చివర్లో ఉన్న ఆమె సంతకం చుట్టూ విడిగా సన్నటి ముదురెరుపు గీత పెట్టి ఉంది. తక్కువ డబ్బు పనికి అతను ఎప్పుడూ ఆ గీత పెట్టడు.

లోపలికి వెళ్ళింది. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"వచ్చావా. కొత్త రంపం కొన్నాను. చప్పుడు రాదు."

ఆమె రంపం మాట పట్టించుకోలేదు. "నాకొక్కటి చెప్పండి. అది చదివారా?"

"ఏది?"

"గాజు వెనక ఉన్నది."

"నేను చదవనని నీకు తెలుసు కదా. అది కోర్టువాళ్ళ పని."

మూడు వారాలుగా ఊళ్ళో అందరూ చదివారు. దగ్గుమందు కోసం వచ్చినవాళ్ళు చదివారు. గుమ్మం ముందు కూరలమ్మేవాడు కూడబలుక్కుని చదివాడు. చదవనిది ఇతనొక్కడే. ఆమెకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది, మళ్ళీ ఏదీ రాలేదు.

"కళ్ళజోడు తీసుకుని బయటికి రండి" అంది.

అతను వచ్చాడు. ఆమె గాజు మీద వేలు పెట్టింది. "ఇక్కణ్ణించి."

"పనిలో ఉన్నది చదవకూడదు..."

"పైనున్న పేరు ఎవరిదో చూడండి."

చూశాడు. కింద ఉన్న పేరు కూడా చూశాడు. వేలితో గాజు మీద గీసుకుంటూ, బడిలో పిల్లవాడిలా పెదాలు కదుపుతూ చదివాడు. అతనికి చదవడం అలవాటు తప్పింది. ఒక్కో పేరాకు చాలాసేపు పట్టింది. ఏడో పేరా దగ్గర వేలు ఆగిపోయింది. తాళాలాయన తన షాపులోంచి తొంగి చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

"జవాబు ఎప్పటిలోగా ఇవ్వాలి?" అన్నాడు చివరికి.

"ఎల్లుండి."

"ఇస్తాను."

అంతే అన్నాడు. ఆమె ఎదురుచూసింది. అతను గాజు మీద పడ్డ తన వేలిముద్రను తుడిచాడు. ఆమె వెళ్ళిపోయింది.

కోర్టుకు మేస్త్రి ప్లీడరును పెట్టుకోకుండా వచ్చాడు. జవాబు కాగితంతో పాటు రెండు పటాలనూ దుప్పట్లో చుట్టి, తాళాలాయనను రెండో వైపు పట్టుకోమని మోసుకొచ్చాడు. కోర్టు కాగితాలు కోర్టులో ఉండాలి కదా అన్నాడు. జడ్జిగారు దుప్పటి విప్పించి చూశారు. ఆయన వెనక గోడ మీద పాత జడ్జీలందరూ మేస్త్రి కట్టిన చట్రాల్లోంచే చూస్తున్నారు. జడ్జిగారు ఒకసారి వాళ్ళను, ఒకసారి పటాన్ని చూసి, జవాబు చదవమన్నారు. ఆమె ప్లీడరు నోటీసు పటంలో తన సంతకం కనపడేలా కొంచెం పక్కకు జరిగాడు.

మేస్త్రి రాతలో వరసలు మాత్రం గీత గీసినట్టున్నాయి. గుమాస్తా చదివాడు.

"ఒకటో పేరా నిజం. రెండో పేరా నిజం. మూడు, నాలుగు, ఐదు, ఆరు నిజం. ఏడో పేరాలో, గుమ్మం చూసిన మాట నిజం. ఆమె మొహం చూస్తే నాకూ ఏడుపొస్తుందని గుమ్మం చూశాను. గుమ్మం ఒరిగి ఉండడం కూడా నిజం. తర్వాత సరిచేశాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె ఎనిమిదేళ్ళు చెప్పింది నేను గాజు మీద ఒక మధ్యాహ్నంలో చదివాను. ఆమె అడిగింది ఇప్పించండి. ఖర్చులన్నీ నావే."

ప్లీడరు ఆమె వైపు వంగి, "గెలిచాం. ఖర్చులతో సహా" అని గుసగుసలాడాడు.

ఆమె లేచి నిలబడింది. "నాకేం వద్దండి. దావా వెనక్కి తీసుకుంటాను."

"కూర్చోమ్మా" అన్నాడు ప్లీడరు కంగారుగా. "ఆయన ఒప్పుకున్నాడు."

"అందుకే. నేనడిగింది జవాబు. వచ్చింది."

మేస్త్రి కూడా లేచాడు. "అలా కుదరదండి. ఆవిడ రాసిందంతా నిజం. రాసినట్టు ఇవ్వండి. మొహమాటపడుతోంది."

"నా మొహమాటం మీకెప్పుడు కనపడింది?" అంది ఆమె అతని వైపు తిరిగి. అతను గోడ వైపు చూడబోయి, ఆగి, ఆమె మొహమే చూశాడు. అలవాటు లేని పని కావడంతో కళ్ళు రెండుసార్లు ఆర్పాడు. మరి వాదించలేదు.

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వాది వద్దంటుంటే ప్రతివాది ఇచ్చి తీరాలని పట్టుబట్టడం ఆయన ఇంతవరకూ చూడలేదు. దావా కొట్టేశారు. ఖర్చుల దగ్గరకు వచ్చేసరికి గొడవ మళ్ళీ మొదలైంది. కట్టాల్సింది నేనే, అన్నింటికీ మూలం నేనే కదా అని అతను. దావా వేసిందీ నేనే, వెనక్కి తీసుకుందీ నేనే అని ఆమె. ఎవరికీ ఇవ్వబుద్ధికాని ఖర్చు కోసం ఇద్దరు ఇలా పోట్లాడుకోవడం చూసి ప్లీడరుకు తన చదువు మీదే అనుమానం వచ్చింది. ఆ సందులో మేస్త్రి బంట్రోతు వైపు తిరిగి, "పటాల ఖర్చు కోర్టు తేలుస్తుందన్నారుగా" అని అడిగాడు. బంట్రోతు పైకప్పు చూశాడు.

జడ్జిగారు సుత్తి ఒకసారి కొట్టారు. పటాలు కోర్టు ఖర్చుల్లోకి రావని, మిగిలిన ఖర్చులు ఎవరివి వారే భరించాలని తీర్పు చెప్పారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె తన ఖర్చు, అతను తన ఖర్చు తీర్పు ప్రకారం విడివిడిగా లెక్క తేల్చుకుని, ఒకరి తర్వాత ఒకరు వంటింట్లోకి వెళ్ళి అదే బిస్కెట్ల డబ్బాలోంచి తీశారు.